మలైగాలి సెంటూ, సేత్తూరు చెల్లయ్యా

సేత్తూరు చెల్లయ్య ఆ రోజు తెచ్చిన నార్తంగాయ నూనెలో నిమ్మగడ్డి నూనె కలవలేదు. ఒక్క చుక్క కూడా కలవలేదు. ఆ సంగతి నాకు మూడో రోజే తెలిసింది. బయటికి చెప్పడానికి పదకొండేండ్లు పట్టింది.

అరవనాట ఉన్న మా రాజపాళయంలో సెంటు పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకు నా గురించి ఒక కథ చెప్తారు. "సుబ్బరాజా ముక్కంటే ఏమనుకుంటివి? కల్తీ సరుకును తిన్నె మీదనే పట్టుకున్నాడప్పా" అని. ఆ కథను నేను పుట్టించలేదు. ఎవరైనా నా ఎదుట చెప్పినప్పుడు తల వంచుకుని నవ్వేవాడిని. ఆ నవ్వుతో కథ ఇంకా బలిసింది. దాని కింద ఒక మనిషి నలిగిపోయినాడు.

నాకిప్పుడు నలభై ఏడేండ్లు. ముక్కు మందగించింది. ఈ పనిలో కంటిచూపు తగ్గినా, చెయ్యి వణికినా ఎట్లాగో నెట్టుకురావచ్చు గాని ముక్కు మందగిస్తే లేచి పక్కకు తప్పుకోవాల్సిందే. తప్పుకున్నాను. ఇకమీద ఈ పనికి వచ్చేవాళ్ళకు పనికొచ్చే సంగతులు నాలుగు రాస్తున్నాను. మొదట నేను బాగా చేసిన పని గురించి చెప్తాను, ఎందుకంటే అది నిజంగానే బాగుంటుంది. తర్వాత నేను చేసిన పాడుపని చెప్తాను.

మలైగాలి గుణం

మా అంగడి, పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు ఫ్యాక్టరీల వీధి మూలన ఉండేది. జవ్వాది, పునుగు, వట్టివేరు నూనె, తలకు రాసుకునే నూనెలు అమ్మేవాళ్ళం. యజమానిని ఊరంతా మొదలాళి అని పిలిచేది, నేనూ అట్లాగే పిలిచేవాడిని. ఇరవై రెండో ఏట అక్కడ సీసాలు కడిగే పనికి చేరినాను. ఆరేండ్లకు నూనెలు కలిపే గదిలోకి రానిచ్చినాడు. ఆ గదిలో మేమిద్దరం కలిసి చేసిన సెంటు మలైగాలి. మలై అంటే మా పక్క మాటలో కొండ. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, పడమటి కొండ మీదనుంచి ఊరి మీదికి దిగే గాలి ఉంటుందే, దాన్ని మనసులో పెట్టుకుని చేసినాం.

దానికి ప్రాణం మూడు నూనెలు. నార్తంగాయ తొక్క నుంచి పిండిన నూనె, వట్టివేరు నూనె, మైసూరు పక్క నుంచి వచ్చే గంధం నూనె. నార్తంగాయను ఆంధ్ర పక్క దబ్బకాయ అంటారని విన్నాను. ఊరగాయ పెట్టుకునే కాయే.

మలైగాలిని మొదటిసారి ముక్కు దగ్గర పెట్టుకున్నవాడు తల వెనక్కి తీసుకుంటాడు. తీసుకోవాలి కూడా. నార్తంగాయ తొక్కను గోటితో గిచ్చితే కంట్లోకి చిమ్ముతుందే, ఆ చురుకు అది. నిమ్మకాయలాగ నోరూరించే పులుపు కాదు. తొక్క కింద తెల్లటి కండలో ఉండే చేదు అందులో ఉంటుంది. పావుగంటకు ఆ చురుకు దిగుతుంది. కింద నుంచి వట్టివేరు లేస్తుంది. తడిమట్టి, అప్పుడే చీల్చిన కట్టె, ఎక్కడో దూరంగా రవ్వంత పొగ. సాయంత్రానికి గంధం వచ్చి పక్కన కూర్చుంటుంది. తీపి లేదు, పూల వాసన లేదు. మరుసటి పొద్దున చొక్కాను ఉతకడానికి వేసేటప్పుడు కూడా బట్టలో కట్టె వాసన నిలిచి ఉంటుంది.

గట్టి వాసన వేరు, గొంతు పెంచిన వాసన వేరు. పంచాయితీలో ముప్పై మంది అరుస్తూ ఉంటే ఒకడు లేచి ఒక్క మాట చెప్పి కూర్చుంటాడు. ఆ ఒక్కడు మలైగాలి. అరిచే ముప్పై మంది సంతలో దొరికే రంగు సెంట్లు. నేను చేసినది కాబట్టి ఇట్లా చెప్పడం లేదు. అరవైకి పైగా సెంట్లు కలిపినాను. అందులో యాభై మరిచిపోదగినవే.

పులుపునూ కట్టెనూ కలపబోయినవాళ్ళు ఒకే చోట బోల్తా పడతారు. పులుపు తొందరగా పోతుంది, కట్టె నిదానంగా వస్తుంది. రెండింటికీ నడుమ ఒక గుంట పడుతుంది. పూసుకున్న అరగంటకు ఏమీ పూసుకోనట్టే ఉంటుంది. పాళ్ళు మార్చి ఆ గుంట పూడ్చాలని చూస్తారు. పాళ్ళతో అది పూడదు. సరుకుతోనే పూడుతుంది. నార్తంగాయ నూనెలో ఆ తెల్లకండ చేదు సరిగా ఉంటే, చురుకు పోయినా చేదు మిగిలి ఉంటుంది. అది వట్టివేరు వచ్చేదాకా చోటు కాస్తుంది. మాకు అట్లాంటి నూనె ఒక్కచోట నుంచే వచ్చేది. మా పక్క ఊరు సేత్తూరు నుంచి.

ఒకసారి పత్తి వ్యాపారి ఒకాయన కొడుకు పెండ్లికని సెంటుకు వచ్చినాడు. దూది మీద అద్ది ఇస్తే చెవిలో పెట్టుకుని, కాసేపు చూసి, "మొదలాళీ, ఘాటు జాస్తిగా ఉండాది. రవ్వంత మల్లె వేసి మెత్తగా చేసి ఇవ్వండి" అన్నాడు.

మొదలాళి నోట్లోని పొగాకును ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చి, "మల్లె పెండ్లికూతురి తలలో ఉంటాది కదప్పా. పందిట్లో ఇద్దరూ మల్లెలైతే తాళి ఎవరు కట్టేది?" అన్నాడు.

వ్యాపారి నవ్వి, ఉన్నది ఉన్నట్టే తీసుకుపోయినాడు. అడిగినవాళ్ళందరి కోసమూ మెత్తబరుస్తూ పోతే చివరికి సీసాలో సబ్బునీళ్ళు మిగులుతాయి. కొందరికి నచ్చకపోయే ధైర్యం లేని సెంటు ఎవరికీ గుర్తుండదు. మొదలాళి దగ్గర నేను నేర్చుకున్న మంచి పాఠాల్లో ఇది ఒకటి.

సేత్తూరు

చెల్లయ్య మా మాదిరి తెలుగు ఇంటివాడే. కూలి చేసుకునే కుటుంబం. అతను ఒక్కడు మాత్రం ఎట్లాగో ఒక రాగి బట్టీ సంపాదించి వట్టివేరు నూనె తీసేవాడు. వేరును పూర్తిగా కడగడు. మన్ను కొంచెం ఉంచి కాస్తాడు. అందుకే అతని నూనెలో తడిమట్టి నిలిచేది.

నార్తంగాయ నూనె మాత్రం అతని ఇంటామె పని. ఎట్లా చేస్తారో చూడాలని ఒకసారి సేత్తూరు పోయినాను. నార్తంగాయ తొక్కను బట్టీలో ఉడకబెడితే నూనెకు ఊరగాయ వాసన వస్తుంది. ఆమె ఉడకబెట్టదు. జిన్నింగు ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన శుభ్రమైన పత్తిని ఎడమచేతిలో ముద్దగా పట్టుకుని, తొక్కను దాని మీద బోర్లించి వెనక్కి వంచుతుంది. తొక్కలోని తుంపర పత్తిలోకి పోతుంది. తొక్క తర్వాత తొక్క. పత్తి బాగా తడిసినాక ఇత్తడి గిన్నెలోకి పిండుతుంది.

"చేతులు మండవా?" అని అడిగినాను.

"మండితేనే మంచి కాయ అయ్యా. మండకుంటే పాత కాయ" అన్నది పని ఆపకుండానే.

పత్తితో పట్టడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. తనే కనుక్కున్నది. మలైగాలి పేరు మొదలాళికీ నాకూ వచ్చింది గాని ఆ మొదటి చురుకు ఆమె చేతిది.

మీసం

ముక్కుతో బతికేవాడికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. పనికి ముందు వక్కాకు నమలకూడదు. తలకు వాసన నూనె రాయకూడదు. జలుబు చేస్తే చెప్పి ఇంట్లో ఉండాలి. మొదలాళి వీటికి ఇంకొకటి చేర్చినాడు.

"ఆ మీసం తీసేయప్పా. వాకిట్లో పొద పెంచుకుని, ఎవరు వచ్చేదీ తెలీలేదంటే ఎట్లా?"

"మా నాయన ఉండాడు కదా మొదలాళీ" అన్నాను.

మా ఇండ్లలో తండ్రి బతికి ఉండగా కొడుకు మీసం తీయడు. తండ్రి పోయిన దినాల్లోనే తీస్తాడు. బోడిముఖంతో వీధిలోకి వస్తే, ఎవరు పోయినారని అడుగుతారు. అందువల్ల మీసం ఉంచుకున్నాను. ఉంచుకోవడమే కాదు, కొబ్బరినూనెలో తేనెమైనం కరిగించి రోజూ పట్టించి మెలేసేవాడిని. అది నాయన మీద గౌరవం అని చెప్పుకునేవాడిని గాని అందులో సగం నా సోకే.

ఆ శుక్రవారం

ప్రతి శుక్రవారమూ మదురై, తిరునెల్వేలి వ్యాపారులు వచ్చి అంగడి తిన్నె మీద కూర్చునేవాళ్ళు. సరుకు తెచ్చినవాళ్ళు వీధిలో నిలబడి, అందరి ఎదుటే చూపించాలి. నేను అందరి ఎదుటే వాసన చూసి తీర్పు చెప్పాలి. అది మొదలాళి పెట్టిన పద్ధతి. మా సరుకు మీద వ్యాపారులకు నమ్మకం కుదరడానికని పెట్టినాడు. మొదలాళి చెడ్డవాడు కాదు, పద్ధతి చెడ్డది. ఒక మనిషి సరుకు బాగా లేదని చెప్పాలంటే లోపలికి పిలిచి చెప్పాలి. పైగా పొగాకుతో మొదలాళి ముక్కు ఎప్పుడో పోయింది. "నీ ముక్కే నా ముక్కప్పా" అనేవాడు. అది మెప్పు అనుకున్నాను. నా తప్పును పట్టేవాళ్ళు ఆ అంగడిలో లేరని దాని అర్థం.

రెండో ప్రపంచ యుద్ధం రాకముందు సంగతి ఇది. ఆ శుక్రవారానికి రెండు రోజుల ముందు నాకు జలుబు పట్టింది. చెప్పి ఇంట్లో ఉండాల్సినవాడిని, చెప్పలేదు. నేను లేకుండా శుక్రవారం గడవదని గర్వం. పొద్దున్నే మా అమ్మ కుండలో నిమ్మగడ్డి కట్ట వేసి కాచి, దుప్పటి కప్పి, అరగంట ఆవిరి పట్టించింది. మూసుకుపోయిన ముక్కు తెరుచుకుంది. ముఖం తుడుచుకుని అంగడికి పోయినాను.

కొవ్వు వాసనను తాగుతుంది. ఈ పనిలో చేరిన వారం రోజుల్లో ఎవరైనా నేర్చుకునే సంగతి అది. నువ్వుల మీద మల్లెలు పరిచి, వాసన పట్టిన నువ్వులను గానుగ ఆడించి మల్లెనూనె చేసేవాడిని నేనే. నా ముక్కు కిందనే నూనె, మైనం పట్టించిన మీసం అరగంటసేపు నిమ్మగడ్డి ఆవిరి తాగిందని మాత్రం నాకు తోచలేదు.

ఆ వారం నూనె తెచ్చినవాడు చెల్లయ్య ఒక్కడే. టిన్ను తిన్నె అంచున పెట్టినాడు. నార్తంగాయ నూనెలో కల్తీ చేసేవాళ్ళు నిమ్మగడ్డి నూనె కలుపుతారు. అది చవక, వాసన పోలిక ఉంటుంది. పట్టుకోవడానికి ఒక దారి ఉంది. కాగితం ముక్క మీద అద్ది అరగంట ఆగాలి. మంచి నూనె అయితే చురుకు పోయి చేదు మాత్రం మిగులుతుంది. గడ్డి కలిస్తే ఆ గడ్డి వాసన కాగితాన్ని వదలదు.

అద్దినాను, ఆగినాను. అరగంటకు కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. చురుకు పోయింది. దాని వెనక గడ్డి నిలబడి ఉంది.

"ఏమప్పా?" అన్నాడు మొదలాళి.

"గడ్డి ఉండాది" అన్నాను.

చెల్లయ్య తల ఎత్తినాడు. "గడ్డా? అయ్యా, ఇంకొక తడవ చూడండి."

చూసినాను. మళ్ళీ గడ్డే.

"నా బట్టీలో వట్టివేరు తప్ప ఇంకొకటి వేసింది లేదయ్యా. ఇది చేత్తో పిండిన నూనె. మీరు వచ్చి చూసినారు కదా."

"నువ్వెందుకు కాచేది?" అన్నాడు తిరునెల్వేలి వ్యాపారి. "కొండకు ఆ పక్క మలయాళంలో గడ్డి నూనె డబ్బాల్లో దొరుకుతాది. మోసుకురావడానికి వీపు ఉంటే చాలు."

తిన్నె మీద అందరూ నవ్వినారు. మొదలాళి నా చేతిలోని కాగితం తీసుకుని వ్యాపారులకు అందించినాడు. "మీరే చెప్పండి. గడ్డి ఉండాదా లేదా?"

ఒకరి తర్వాత ఒకరు చూసి ఉండాది అన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. నార్తంగాయలోనే కొంచెం గడ్డి పోలిక ఉంటుంది. గడ్డి అనే మాట విన్నాక గడ్డి తగలని ముక్కు లేదు. కొత్తగా వచ్చేవాళ్ళు ఈ ఒక్కటి గట్టిగా పట్టుకోండి: పక్కవాడు వాసన చూసి ముగించేదాకా మీకు తోచింది బయటికి చెప్పవద్దు. చెప్తే నలుగురి ముక్కులూ మీ ముక్కు అయిపోతాయి. అప్పుడు నలుగురు సాక్షులు ఉన్నట్టు కనిపిస్తుంది గాని ఉన్నది ఒక్కరే.

మొదలాళి టిన్నును తన చేత్తో వెనక్కి జరిపినాడు. "చెల్లయ్యా, ఇకమీద ఈ తిన్నె దగ్గరికి రావద్దు."

చెల్లయ్య ఇంటామె బండి పక్కన నిలబడి అంతా విన్నది. టిన్ను వెనక్కి వచ్చినాక మూత తీసి వాసన చూసింది. మూత పెట్టి తన అరచేతులు వాసన చూసుకుంది. తర్వాత ఇద్దరూ బండి ఎక్కినారు.

మూడో రోజు

సోమవారం మైసూరు గంధం నూనె వచ్చింది. సీలు నేనే పగలగొట్టి వాసన చూసినాను. గడ్డి.

మొదట నవ్వు వచ్చింది. వట్టివేరు సీసా తీసినాను. గడ్డి. నూనె అద్దని ఉత్త కాగితం ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గడ్డి. అప్పుడు మీసాన్ని వేళ్ళతో పట్టి మెలేసి ఆ వేళ్ళు వాసన చూసుకున్నాను.

నేరుగా మంగలి దగ్గరికి పోయి మీసం తీయించుకున్నాను. తిరిగి వచ్చి శీకాయతో ముఖం కడుక్కున్నాను. ప్రతి సరుకులోనూ కొంచెం మచ్చు చిన్న సీసాలో తీసి ఉంచడం మా అలవాటు. చెల్లయ్య నూనె మచ్చు తీసి, కొత్త కాగితం మీద అద్ది అరగంట ఆగినాను. మిగిలింది చేదు ఒక్కటే. అంత మంచి సరుకు అతను అంతకు ముందు కూడా తెచ్చి ఉండడు.

మొదలాళి ముందు గదిలో ఉన్నాడు. నడుమ పది అడుగులు. ఆ పొద్దున్నే ఆయన, మదురై వ్యాపారి నా ముక్కును ఊరంతా పొగుడుతున్నాడని చెప్పి మురిసిపోయినాడు. నేను ఆ పది అడుగులు వేయలేదు. మచ్చు సీసాను పెరట్లోకి తీసుకుపోయి, నూనె పారబోసి, కడిగి బోర్లించినాను.

మీసం వల్ల జరిగింది పొరపాటు. అట్లాంటివి ఈ పనిలో ఎవరికైనా జరుగుతాయి, మీకూ జరుగుతాయి. సీసా కడగడం పొరపాటు కాదు. తెలిసి చేసిన పని. నా పొరపాటు చెల్లయ్యకు మూడు రోజులు మాత్రమే నష్టం చేసింది. మిగిలిన పదకొండేండ్లూ నేను చేసినవే.

ఆ సాయంత్రం మా నాయన నా ముఖం చూసి అన్నం కలిపే చెయ్యి ఆపినాడు. "నేను బతికే ఉండాను కదరా" అన్నాడు.

"పని కోసం తీసినాను నాయనా."

"ఏం పనిరా అది, ఉన్న తండ్రిని లేడనిపించే పని?"

నెల రోజులు నాతో మాట్లాడలేదు. మొదలాళి మాత్రం సంతోషపడినాడు. "ఇప్పటికి బుద్ధి వచ్చింది" అని నలుగురికి చూపించినాడు. నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. నేను నవ్వి ఊరుకున్నాను.

గడ్డి చెల్లయ్య

వ్యాపారులు ఆ మాటను మదురైకీ తిరునెల్వేలికీ మోసుకుపోయినారు. చెల్లయ్య నూనె ఎవరూ తీసుకోలేదు. సంవత్సరం లోపలే బట్టీ అమ్మేసి రాజపాళయం మిల్లులో పత్తి మూటలు దించే పనికి చేరినాడు. సేత్తూరులోనూ మిల్లులోనూ అతనికి గడ్డి చెల్లయ్య అనే పేరు నిలిచిపోయింది.

మలైగాలి కూడా దెబ్బతిన్నది. వేరే ఊళ్ళ నుంచి నార్తంగాయ నూనె తెప్పించినాం. అంతా ఉడకబెట్టినదే. చురుకు ఉంటుంది, చేదు ఉండదు. నేను చెప్పిన గుంట మా సెంటులోనే పడింది. మంసాపురం నుంచి పాత గిరాకీ ఒకాయన వచ్చేవాడు, జిన్నింగులో పత్తి తూచే మనిషి. ఒక రోజు దూది చెవిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుని, "కొండ ఉండాది, గాలి ఉండాది. నడుమ ఎవరో లేరప్పా" అన్నాడు. నేను లోపలికి పోయి ఆయనకు నీళ్ళు తెచ్చి ఇచ్చినాను. యుద్ధం వచ్చి, ఓడల మీద వచ్చే సీమ నూనెలు ఆగిపోయినాక మంచి నార్తంగాయ నూనె కోసం ఇంకా అల్లాడినాం. "ఆ చెల్లయ్య ఒక్కడు సక్రమంగా ఉండింటే" అని మొదలాళి నిట్టూర్చేవాడు. నేను తల వంచుకుని నూనెలు కలిపేవాడిని.

రేపు చెప్దాం అనుకుంటే ఆ రేపటికి ఇంకో రేపు పుడుతుంది. చెప్పడం ఆలస్యమైన కొద్దీ, ఇంత ఆలస్యం ఎందుకు చేసితివనే రెండో ప్రశ్న పెద్దదవుతుంది. చివరికి మొదటి ప్రశ్నకు భయపడకపోయినా రెండోదానికి భయపడతాం.

యుద్ధం ముగిసినాక ఒక సాయంత్రం మిల్లు గేటు ముందు పోతున్నాను. షిఫ్టు విడిచినారు. ఎవరో కూలి మనిషి వెనక నుంచి, "ఏ గడ్డీ, తువ్వాలు మరిచిపోతివి" అని పిలిచినాడు. చెల్లయ్య వెనక్కి తిరిగి, తువ్వాలు తీసుకుని, సరే అప్పా అని నడిచిపోయినాడు. కోపం లేదు, సిగ్గు లేదు. పిలిచినవాడి గొంతులో ఎగతాళి కూడా లేదు. అది అతని పేరు అయిపోయింది, అంతే. ఆ పేరు నేను పెట్టినాను.

ఆ ఆదివారం సేత్తూరు బస్సు ఎక్కినాను.

చెల్లయ్య ఇల్లు

చెల్లయ్య వాకిట్లో కూర్చుని తాడు పేనుతున్నాడు. నన్ను చూసి లేచినాడు. నేను కూర్చోకుండానే చెప్పినాను. జలుబు, ఆవిరి, మీసం, గంధం నూనె, కడిగిన సీసా. ఏదీ వదలలేదు.

విన్నాడు. మళ్ళీ కూర్చుని తాడు అందుకున్నాడు.

"ఇది నాకెందుకు చెప్తారయ్యా? నా నూనెలో గడ్డి లేదని నాకు ఆ దినమే తెలుసు. తెలీనివాళ్ళు మీ తిన్నె మీద ఉండారు."

అతని ఇంటామె లోపలి నుంచి వచ్చి గడప దగ్గర నిలబడి ఉంది. "మీసంలోనా?" అన్నది.

"అవునమ్మా."

"ఈయనకు తెలుసు. నాకు తెలీదు" అన్నది. "నేను తెచ్చుకున్న పత్తిలోనే ఏమన్నా అంటుకునిందేమో, నా చేతికే ఏమన్నా ఉండిందేమో అని అనుకుంటా ఉంటిని. అంతమంది ఎదుట సుబ్బరాజా అయ్యగారు ఊరికే అంటారా అని. అప్పటినుంచి ఇంట్లో ఊరగాయ కూడా పెట్టలేదు. నార్తంగాయను చేత్తో ముట్టుకోలేదు."

చెల్లయ్య తాడు పేనడం ఆపి ఆమె వైపు చూసినాడు. ఆ మాట అతనూ అప్పుడే విన్నట్టుంది.

నన్ను తిట్టి ఉంటే తట్టుకునేవాడిని. ఏ నూనె మీద నా పేరు నిలబడిందో, ఆ నూనె పిండిన చేతులను ఆమె పదకొండేండ్లు అనుమానించింది. నేను తెలుసుకున్న సంగతి చెప్పి ఉంటే ఆ సోమవారమే తీరిపోయేది.

"వచ్చే శుక్రవారం ఇద్దరూ రండి" అన్నాను. "ఎక్కడ అన్నానో అక్కడే చెప్తాను."

"మీ మొదలాళి రానిస్తాడా?" అన్నాడు చెల్లయ్య.

తిరుగు బస్సు దిగి నేరుగా మొదలాళి ఇంటికి పోయినాను.

మొదలాళి

మొదలాళికి అప్పటికి డెబ్భై దాటింది. అంతా విని నోట్లోని పొగాకును ఒక బుగ్గకు నెట్టినాడు.

"ఇప్పుడెందుకప్పా? బట్టీ పోయింది, నూనె పోయింది. నీ ముక్కు పేరూ నా అంగడి పేరూ మిగిలి ఉండాయి. అవీ పోగొట్టాలనా?"

"వాళ్ళ పేరు పోగొట్టి తెచ్చుకున్నది కదా మొదలాళీ."

"నాతో ఆ దినమే చెప్పి ఉంటే?"

"మీరు ఏం చేసి ఉంటారు?"

ఆయన లేచి కిటికీ బయట ఉమ్మి వచ్చినాడు. "తెలీదు" అన్నాడు. "దాచమనే అని ఉంటానేమో." ఆయన దగ్గర నేను పనిచేసిన ఇన్నేండ్లలో ఆయన చెప్పిన మాటల్లో అన్నిటికంటే నిజమైనది అది. తర్వాత, "నా తిన్నె మీద పడిన మాట. నా తిన్నె మీదనే తీయి. అయితే చెప్పేటప్పుడు నా పక్క చూడవద్దు" అన్నాడు.

మన్నించమని అడిగిన రోజు

శుక్రవారం మదురై వ్యాపారి వచ్చినాడు. తిరునెల్వేలి వ్యాపారి కాలం చేసినాడు, ఆయన తమ్ముడు వచ్చినాడు. ఆ రోజు ఉన్నవాళ్ళలో ఊళ్ళో మిగిలినవాళ్ళను నేనే ఇండ్లకు పోయి పిలిచినాను. మిల్లు నుంచి కొంతమంది కూలివాళ్ళు కూడా వచ్చినారు, చెల్లయ్యే పిలిచినట్టున్నాడు. అతనూ, అతని ఇంటామె కూడా వీధిలో నిలబడినారు.

నేను తిన్నె మీద నిలబడి చెప్పినాను. సేత్తూరు చెల్లయ్య నూనెలో గడ్డి లేదు, తప్పు నాది అని. మదురై వ్యాపారి, "నేను కూడా చూసినాను కదప్పా, గడ్డి తగిలింది" అన్నాడు. నేను ముందే చెప్పినందువల్ల మీకు తగిలింది అన్నాను. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ముగిసిందనుకున్నాను. చెల్లయ్య తల అడ్డంగా ఊపినాడు.

"నూనె నాది కాదయ్యా" అన్నాడు. "నేను టిన్ను మోసినవాడిని. పిండింది ఈమె."

ఆమె వైపు తిరిగినాను. చెప్పడానికి నోరు తెరిచినాక, ఆమె పేరు నాకు తెలియదని తెలిసింది. అన్నేండ్లు ఆమె నూనెతో సెంటు కలిపినాను, ఆమె ఇంటికి రెండు సార్లు పోయినాను, పేరు అడగలేదు.

"అమ్మా, మీ పేరు చెప్పండి" అన్నాను.

"తాయమ్మ" అన్నది.

తిన్నె దిగి వీధిలోకి పోయి, వాళ్ళిద్దరి ఎదుట నిలబడి మళ్ళీ మొదటి నుంచి చెప్పినాను.

"తాయమ్మ పిండిన నార్తంగాయ నూనెలో గడ్డి లేదు. ఏ కల్తీ లేదు. నేను చూసిన నూనెల్లో అంత మంచిది ఇంకొకటి లేదు. ఆ దినం నాకు తగిలిన వాసన నా మీసంలో ఉండింది. మూడో రోజే నాకు తెలిసింది. తెలిసీ దాచినాను, మచ్చు సీసా కడిగి పారబోసినాను. నా పేరు నిలుపుకోవడానికి మీ ఇద్దరి పేరూ పోనిచ్చినాను. తాయమ్మా, చెల్లయ్యా, నన్ను మన్నించండి."